సియోల్‌లో ఒక్కడినే, రోజూ తినాలి: బున్‌షిక్ హోటళ్ళ గురించి చెప్పండి

#1 కాకినాడ_కాజా
వచ్చే నెల సియోల్ వెళ్తున్నాను, ఒక సెమిస్టర్ అక్కడే. హాస్టల్లో వంటగది లేదట, మైక్రోవేవ్ మాత్రం ఉందట. యూట్యూబ్ తెరిస్తే మ్యోంగ్‌దాంగ్ వీధిలో చీజ్ పోసిన లాబ్‌స్టర్లూ, గ్వాంగ్‌జాంగ్ మార్కెట్లో బల్లల మీద కూర్చున్న టూరిస్టులూ తప్ప ఇంకేం కనబడట్లేదు. రోజూ అలా తినలేం కదా. చికెన్, చేప, గుడ్డు తింటాను. బీఫ్ తినను, పోర్క్ అలవాటు లేదు. ఒక్కడినే వెళ్ళి తక్కువలో కడుపు నింపుకోవాలంటే ఎక్కడికెళ్ళాలి? అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు చెప్పండి.

#2 సువోన్_సుబ్బు
మ్యోంగ్‌దాంగ్ పక్కన పెట్టేయండి. వారం రోజుల కోసం వచ్చేవాళ్ళ వీధి అది. మీకు కావాల్సింది బున్‌షిక్‌జిప్, అంటే చవకగా చిరుతిళ్ళు, నూడుల్స్ అమ్మే చిన్న హోటల్.

ప్రతి పేటలోనూ ఉంటాయి. స్కూలు ఎదురుగా, సబ్‌వే మెట్ల పక్కన, అపార్ట్‌మెంట్ల కింద షాపుల వరుసలో. నాలుగైదు టేబుళ్ళు, గోడ పొడుగునా మెనూ, కిటికీ దగ్గర ఒకావిడ కింబాప్, అంటే సముద్రపు నాచు రేకులో అన్నం, కూరలు పెట్టిన రోల్, చుడుతూ ఉంటుంది. ఆమె ముందు పెద్ద చదరపు పెనంలో ఎర్రగా ఉడుకుతున్నది తొక్‌బొక్కి: వేలెడంత బియ్యప్పిండి ముక్కలు, కొచుజాంగ్ అనే పులియబెట్టిన మిరప ముద్ద, పంచదార, మధ్యలో చేప ముద్దతో చేసిన పల్చటి రేకులు. పక్కన వేపుళ్ళ ట్రే. ఇంకో పక్క పుల్లలకి గుచ్చిన ఒముక్, అంటే ఆ చేప రేకులే, వేడి పులుసులో నానుతుంటాయి.

కొరియాలో ఒంటరిగా తినడం కొంచెం తలనొప్పే. మాంసం కాల్చుకు తినే హోటళ్ళలో చాలాచోట్ల కనీసం ఇద్దరికి సరిపడా ఆర్డర్ ఇస్తేగానీ కూర్చోనివ్వరు. బున్‌షిక్‌జిప్‌లో ఆ గొడవ లేదు. ఒక రోల్ కింబాప్, ఒక రామ్యోన్ (సూప్‌తో ఇచ్చే ఇన్‌స్టంట్ నూడుల్స్) చెప్పి పావుగంటలో లేచి రావచ్చు, ఎవరూ వింతగా చూడరు. సియోల్లో మామూలు కింబాప్ ఇప్పుడు 3,500 వోన్లకి అటూ ఇటూ ఉంది, మన లెక్కలో 220 రూపాయల దాకా. అన్నం, కూరలు, గుడ్డు అన్నీ అందులోనే కాబట్టి ఒక పూటకి సరిపోతుంది. బాగా ఆకలైతే రెండు.

మంచినీళ్ళు హోటల్లోనే ఉంటాయి, మనమే లేచి పట్టుకోవాలి. తాన్‌ముజి, అంటే పసుపుపచ్చ ముల్లంగి ఊరగాయ, ఎన్నిసార్లు అడిగినా డబ్బులు తీసుకోరు. టిప్పు ఇవ్వక్కర్లేదు.

#3 హాంగ్‌దే_హారిక
సుబ్బు గారు చెప్పినదాంట్లో కాజా గారికి ఇబ్బంది కలిగించేవి కొన్ని ఉన్నాయి, అవి కూడా చెప్పేస్తా.

మామూలు కింబాప్‌లో హామ్ ఉంటుంది, అది పోర్క్. కానీ చాలాచోట్ల అప్పటికప్పుడు చుడతారు కాబట్టి "హెమ్ ప్పే జుసెయో" అంటే తీసేస్తారు. దానికంటే సులువు చంచి కింబాప్ తీసుకోవడం. ట్యూనా, మయొనీజ్, ఘాటు వాసన ఉండే ఒక ఆకు వేసి చుడతారు. నేను చదువుకునే రోజుల్లో దాని మీదే బతికాను. అందులో కూడా ఒక్కోచోట హామ్ పెడతారు, అడగండి.

రామ్యోన్ ప్యాకెట్లలో చాలావాటి సూప్ పొడిలో బీఫ్ ఉంటుంది. మండు అనే కూరిన కుడుముల్లో పోర్క్. సుందే జోలికి మీరు వెళ్ళరు, పంది పేగులో రక్తం, సేమ్యా కూరి ఆవిరి పెడతారు.

ఎవరూ చెప్పని సంగతి దశిదా. 1975 నుంచీ కొరియాలో ప్రతి వంటింట్లో ఉండే రుచి పొడి అది, ఎక్కువగా అమ్ముడయ్యేది బీఫ్‌దే. తొక్‌బొక్కిలో బీఫ్ ముక్క ఒక్కటీ కనబడదు, కానీ చాలామంది ఒక చెంచా దశిదా వేస్తారు. "సోగోగి (బీఫ్) దశిదా వేశారా" అని అడిగితే చెప్తారు. పట్టింపు ఎంతో మీరే తేల్చుకోండి.

#4 పచ్చిమిర్చి
ఇందరు ఇంతగా చెప్తున్నారు కాబట్టి నేనూ ఒక మాట. తొక్‌బొక్కి ఓవర్‌రేటెడ్. ఎర్రగా కనబడుతుంది, తింటే తీపి. బెల్లం పాకంలో రబ్బరు ముక్కలు. కొరియా వాళ్ళు చెమటలు కక్కుతూ "కారం కారం" అంటారు, మనవాడు తిని "కారం ఎప్పుడొస్తుంది" అని అడుగుతాడు.

#5 హాంగ్‌దే_హారిక
పచ్చిమిర్చి గారూ, మీరు ఏ ఏరియాలో తిన్నారో గానీ, కొన్ని చైన్లలో అన్నిటికంటే కారంగా ఉండే లెవెల్ చెప్పి చూడండి, మళ్ళీ మాట్లాడుకుందాం. 😄 తీపి ఉంటుంది, ఒప్పుకుంటా. అది పిల్లల తిండి అండీ. స్కూలు వదలగానే పేపర్ కప్పులో పోయించుకుని పుల్లతో గుచ్చుకు తినే వస్తువు, దాన్ని వాళ్ళ నాలుకకే చేస్తారు.

ఇంకోటి, విడిగా తింటే మీకు అలాగే అనిపిస్తుంది. వేపుళ్ళు తీసుకుని ఆ ఎర్ర పులుసులో ముంచండి. ట్విగిమ్ అంటారు: చిలగడదుంప, స్క్విడ్, సముద్రపు నాచు రేకులో సేమ్యా చుట్టి వేయించిన కిమ్మరి. "పులుసులో కలిపివ్వండి" అంటే వాళ్ళే కలిపిస్తారు. పులుసు పీల్చుకున్న కిమ్మరి తినకుండా తొక్‌బొక్కి మీద తీర్పు చెప్పకండి.

#6 సువోన్_సుబ్బు
రబ్బరు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మీరు తిన్నవి గోధుమవా, బియ్యంవా? రెండు రకాలుంటాయి. బియ్యపు ముక్క పళ్ళకి సాగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. గోధుమ ముక్క మెత్తగా, జారుడుగా ఉండి పులుసు ఎక్కువ పీలుస్తుంది. ఎప్పుడూ బియ్యమే ఖరీదు, బియ్యమే గొప్ప అనుకుంటారు గానీ, నలభై దాటిన మా ఆఫీసు వాళ్ళు చాలామంది గోధుమ ముక్కల షాపు వెతుక్కుని మరీ వెళ్తారు. చిన్నప్పుడు తిన్నది అదే కదా. నా ఓటూ దానికే.

#7 పాతపేపర్లు
సుబ్బు గారు గోధుమ అన్నారు కాబట్టి నాకు సందు దొరికింది. అసలు ఈ బున్‌షిక్ అంతా గోధుమ పిండి కథే.

1953లో యుద్ధం ఆగేసరికి కొరియాలో బియ్యం లేదు. అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయం కింద గోధుమలు వచ్చాయి, మన దేశానికీ అదే కాలంలో వచ్చాయి కదా, ఆ పథకమే. తినే జనానికి అన్నం తప్ప వేరేది తిండి కాదు. 60లలో ప్రభుత్వం వెంటపడింది. అన్నంలో బార్లీ కలపండి, పిండి వంటలు తినండి అని ప్రచారం. 1969 నుంచి బుధ, శనివారాల్లో పొద్దున 11 నుంచి సాయంత్రం 5 దాకా హోటళ్ళలో అన్నం అమ్మకూడదు. స్కూల్లో టీచర్లు పిల్లల క్యారేజీలు తెరిచి బార్లీ కలిపారా లేదా అని చూసేవారు. బియ్యంతో మక్కొల్లి అనే నాటు మద్యం కాయడం కూడా నిషేధమే, గోధుమ పిండితో కాసేవారు.

ఈ మధ్యలోనే 1963లో సామ్యాంగ్ కంపెనీ జపాన్ నుంచి యంత్రాలు, పద్ధతి తెచ్చుకుని మొదటి రామ్యోన్ ప్యాకెట్ 10 వోన్లకి అమ్మింది. పిండి, నూడుల్స్ అమ్మే చిన్న హోటళ్ళు పెరిగాయి. తొక్‌బొక్కి ముక్కలు కూడా గోధుమతోనే చేశారు. 1977కి కొత్త వరి వంగడాలతో బియ్యం సరిపడా పండి ఆంక్షలు పోయాయి. కానీ అప్పటికే ఒక తరం మొత్తానికి బడి వదిలాక తినేది అదే అయిపోయింది.

ప్రభుత్వం బలవంతాన అలవాటు చేసినవి సాధారణంగా జనం వదిలించుకుంటారు. దీన్ని మాత్రం వదల్లేదు, మిరప ముద్ద పుణ్యం.

#8 కాకినాడ_కాజా
అంటే తొక్‌బొక్కి వయసు 70 ఏళ్ళేనా? ఏదో రాజుల కాలం నాటిది అని చదివాను.

#9 పాతపేపర్లు
రెండూ నిజమే. జోసోన్ రాజుల కాలంలో ఉన్నది సోయా సాస్‌తో, మాంసం, కూరగాయలు వేసి చేసేది. ఇప్పటికీ కొన్నిచోట్ల దొరుకుతుంది, కారం అస్సలు ఉండదు. ఎర్రటిది 1953లో సియోల్లోని షిన్‌దాంగ్‌లో మా బోంగ్‌నిమ్ అనే ఆవిడ మొదలుపెట్టారని చెప్పుకుంటారు. చైనీస్ హోటల్లో తింటుంటే బియ్యపు ముక్క నల్లటి జాజాంగ్ సాస్‌లో పడింది, తింటే బావుంది, దాంతో సాస్‌లో ఉడికించే ఆలోచన వచ్చిందట. తర్వాత బొగ్గుల పొయ్యి, గిన్నె పెట్టుకుని వీధిలో కూర్చున్నారు. 90లలో ఒక కొచుజాంగ్ ప్రకటనలో ఆవిడ కనిపించి, రహస్యం "కోడలికి కూడా తెలీదు" అన్న మాట దేశమంతా పాకింది. 2011లో పోయారు. ఆ వీధి ఇప్పుడు మొత్తం తొక్‌బొక్కి హోటళ్ళే. అక్కడ టేబుల్ మీద స్టవ్ పెట్టి, గిన్నెలో పచ్చివి పోసి ఇస్తారు, మనమే ఉడికించుకోవాలి. చివర్లో మిగిలిన పులుసులో అన్నం వేసి వేయిస్తారు. ఇద్దరు ముగ్గురు ఉంటేనే బావుంటుంది, కాజా గారూ.

#10 శారద_శాకాహారి
నేను శుద్ధ శాకాహారిని, మా ఆయన ఉద్యోగం మీద సియోల్లో ఉన్నాం. ఇక్కడ ఎవరైనా వెజ్ వాళ్ళు చదువుతుంటే, యూట్యూబ్ చూసి తొక్‌బొక్కి వెజ్ అనుకోకండి. కొచుజాంగ్‌లో సమస్య లేదు, ముఖ్యంగా బియ్యం, సోయా, మిరప, ఉప్పే. దాన్ని ఉడికించే నీళ్ళే సమస్య. ఎండు చేపలు, సముద్రపు నాచు మరిగించిన నీళ్ళు అవి. చేప రేకులు తీసేయమంటే తీసేస్తారు, పులుసు ఎలా తీస్తారు?

కింబాప్ మాత్రం కాపాడింది. హామ్, చేప రేకు, పీత పుల్ల పేరుతో పెట్టే చేప ముద్ద, గుడ్డు, నాలుగూ వద్దని చెప్పేదాన్ని. పాలకూర, క్యారెట్, తాన్‌ముజి, బర్‌డాక్ అనే వేరు దుంప మిగులుతాయి. మొదటిసారి చెప్తే ఆవిడ "ఇంకేం మిగిలింది" అన్నట్టు చూసింది. ఆ తర్వాత నేను కనబడగానే క్యారెట్ రెట్టింపు పెట్టేది, అడక్కుండానే. కత్తి, బల్ల అవే, దాన్ని మీరు సర్దుకోగలిగితేనే.

టోంగిన్ మార్కెట్లో నూనె తొక్‌బొక్కి ఉంది. పులుసు లేకుండా చిన్న ముక్కల్ని పెనం మీద నూనెలో వేయిస్తారు, సోయా రుచిది ఒకటి, కారంది ఒకటి. అడిగి తినండి. రామ్యోన్ కావాలంటే ఒట్టోగి వాళ్ళ ఛేహ్వాంగ్ కూరగాయలతో చేసినది, ప్యాకెట్ కొని ఇంట్లో చేసుకోవచ్చు.

#11 డాలస్_మావయ్య
శారద గారు చెప్పిన వెజ్ కింబాప్ మా ఊళ్ళో ఫ్రీజర్‌లోకి వచ్చేసింది. 2023 ఆగస్టులో ట్రేడర్ జోస్ అనే సూపర్‌మార్కెట్లో 3.99 డాలర్లకి పెట్టారు, టోఫు, కూరగాయలు, ఏ మాంసమూ లేదు. టిక్‌టాక్‌లో పడి దేశమంతా ఖాళీ అయిపోయింది, నెలల తరబడి దొరకలేదు. మా అమ్మాయి ప్రతి శనివారం వెళ్ళి చూసి వచ్చేది. దొరికాక తిని "సాంబారన్నం బెటర్" అంది. అది వేరే సంగతి.

#12 మైత్రి_వంటిల్లు
హైదరాబాద్ నుంచి. తొక్‌బొక్కి ఇంట్లో చేస్తుంటాను, వెజ్‌గానే. ముక్కలు కూడా ఇంట్లోవే, ఫ్రోజెన్ ప్యాకెట్ ఖరీదు చూసి మొదలుపెట్టా.

పిండి దగ్గరే అందరూ దెబ్బతింటారు. పొడి బియ్యప్పిండి వద్దు. బియ్యం నానబెట్టి, వడకట్టి, అరిసెలకి పట్టించినట్టు తడి పిండి పట్టించండి. ఉప్పు, వేడినీళ్ళు చల్లి పొడిపొడిగా కలిపి బట్టలో వేసి 20 నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి. తర్వాత వేడి మీదే రోకలితో బాగా దంచాలి. దంచకపోతే సాగదు, విరిగిపోతుంది. నువ్వుల నూనె చేతికి రాసుకుని వేలంత లావు తాడులా చేసి కోసుకోవడమే. వాళ్ళ బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుంది. మన సోనా మసూరికి ఆ జిగురు తక్కువ, కాబట్టి రెండు చెంచాల సగ్గుబియ్యం పొడి కలుపుతాను.

కారం విషయం. దయచేసి గుంటూరు కారం వేయకండి! కొరియా మిరప పొడి రంగు ఎక్కువ, ఘాటు చాలా తక్కువ. వాళ్ళ కొలతకి గుంటూరు కారం వేస్తే పులుసుకి రంగు రాకముందే మన పని అయిపోతుంది. గింజలు తీసిన బ్యాడిగి మిరప దగ్గరగా ఉంటుంది. పావుకిలో ముక్కలకి రెండు కప్పుల నీళ్ళు, రెండు చెంచాల కొచుజాంగ్, ఒక చెంచా మిరప పొడి, చెంచా సోయా సాస్, చెంచాన్నర పంచదార. నీళ్ళలో ఎండు పుట్టగొడుగులు మరిగిస్తే చేపల లోటు తెలీదు. పది నిమిషాలు, చిక్కబడేదాకా.

#13 పచ్చిమిర్చి
చెంచాన్నర పంచదార! నేను చెప్పలే?

#14 మైత్రి_వంటిల్లు
తగ్గించి చూశానండీ. కొచుజాంగ్‌లోని ఉప్పు, పులుపు ముందుకొచ్చి పచ్చడి నీళ్ళలా అయింది. అది ఉండాల్సిందే.

#15 పెనుకొండ_కుర్రాడు
కొరియా దాకా ఎందుకు, మా వైపు రండి 😀 కియా ఫ్యాక్టరీ వచ్చాక ఇక్కడ కొరియన్ హోటళ్ళు వచ్చాయి. హైవే మీద కొరియన్ అక్షరాల బోర్డులు చూసి బెంగళూరు వెళ్ళే బస్సులో జనం ఫొటోలు తీసుకుంటుంటారు. కానీ అవి కంపెనీ వాళ్ళు రాత్రి భోంచేయడానికి పెట్టినవి, మీరు చెప్తున్న పిల్లల హోటళ్ళు కావు. కింబాప్ ఉంటుంది గానీ అక్కడి రేట్లు కాదు.

#16 సువోన్_సుబ్బు
ఇప్పుడు వీధి బండ్ల గురించి, కాజా గారికి పనికొస్తుంది.

బండి దగ్గర ఒముక్ తింటే పుల్ల మనమే తీసుకోవాలి, చివర్లో పుల్లలు లెక్కపెట్టి డబ్బులు తీసుకుంటారు. పులుసు పేపర్ కప్పులో పోసుకుని తాగొచ్చు, దానికి డబ్బుల్లేవు. చలికాలంలో ఆఫీసు నుంచి నడిచి వస్తూ ఆ కప్పు పట్టుకుంటే చేతులకి ప్రాణం వస్తుంది. ప్లేట్లు తెల్ల చుక్కల ఆకుపచ్చ ప్లాస్టిక్‌వి, పైన పాలిథిన్ కవర్ తొడిగి దాంట్లో వడ్డిస్తారు, కడిగే పని లేకుండా.

హోటళ్ళలో కార్డు నడుస్తుంది, ఈమధ్య చాలావాటిలో ఆర్డర్ కూడా మెషీన్ మీదే. బండ్ల దగ్గర మాత్రం క్యాష్, లేకపోతే అట్టముక్క మీద రాసిన బ్యాంకు ఖాతాకి పంపడం. మీకు కొరియన్ ఖాతా తెరుచుకునేదాకా వెయ్యి వోన్ల నోట్లు జేబులో ఉంచుకోండి.

ఊరు మారితే తిండి మారుతుంది. బుసాన్‌లో ఒముక్ పులుసులోనే బియ్యపు ముక్కని పుల్లకి గుచ్చి వేస్తారు, పంచదార లేని తొక్‌బొక్కి కావాలన్న పచ్చిమిర్చి గారికి అంకితం. సుందేకి సియోల్లో మిరప పొడి కలిపిన ఉప్పు ఇస్తారు, బుసాన్‌లో సోయా ముద్ద. దీని మీద వాళ్ళు పోట్లాడుకుంటారు కూడా. తేగులో పల్చటి మండు తొక్‌బొక్కితో కలిపి తింటారు. ఇంచోన్‌లో చ్చోల్‌మ్యోన్, 70లలో ఫ్యాక్టరీలో పొరపాటున లావుగా వచ్చిన నూడుల్స్‌ని పారేయకుండా కారం సాస్‌లో కలిపితే పుట్టిందని చెప్తారు.

#17 గోదారి_గట్టు
గ్వాంగ్‌జాంగ్ మార్కెట్ టూరిస్టులదే అనుకుంటున్నారు గానీ అక్కడి బిందేత్తొక్ వదలకండి. పొట్టు తీసిన పెసరపప్పు నానబోసి, కళ్ళముందే తిరగలిలో రుబ్బి, దిట్టంగా నూనె పోసి కాలుస్తారు. నాకు పెసరట్టు గుర్తొచ్చి ఆనందం ఆగలేదు.

#18 హాంగ్‌దే_హారిక
పెసరట్టు అని వెళ్తే నిరాశే. అరచేతి మందం ఉంటుంది, నూనెలో ఈదుతుంది, లోపల మొలకలు, కిమ్చి, మామూలుగా పోర్క్ కూడా. కాజా గారు అడిగి తీసుకోవాలి. రుచి మాత్రం నిజంగానే బావుంటుంది.

ఆ మార్కెట్ 1905 నాటిది, ఎక్కడికీ పోదు, ఒక ఆదివారం చూసి రండి. 2023 చివర్లో ఒక యూట్యూబర్ వీడియోతో రేట్ల మీద పెద్ద గొడవైంది, 15,000 వోన్లకి చిన్న ప్లేటు పెట్టారని. ఆ తర్వాత ఎంత ఇస్తారో బోర్డు మీద రాయాలన్నారు. బోర్డు చూసి, ధర అడిగి, అప్పుడు కూర్చోండి. మాటల్లో పెట్టి "మిక్స్ ప్లేటా" అంటే తల ఊపకండి.

#19 కాకినాడ_కాజా
చలికాలంలో ఇంకేమైనా? డిసెంబర్ దాకా ఉంటాను.

#20 హాంగ్‌దే_హారిక
అయితే అసలైనవి మీరు చూస్తారు. బుంగోప్పాంగ్, చేప ఆకారపు అచ్చులో పిండి పోసి లోపల తీపి ఎర్ర చిక్కుడు ముద్ద పెడతారు. చేప ఏమీ ఉండదు, శారద గారూ, కాకపోతే పిండిలో గుడ్డు, పాలు ఉండొచ్చు. అక్టోబర్ చివర్లో బండ్లు దిగుతాయి. ఈమధ్య బండ్లు తగ్గిపోయి, ఇంటి దగ్గర ఒకటి ఉంటే అదృష్టం అనుకుంటున్నారు. అవి ఎక్కడున్నాయో మ్యాప్‌లో చూపించే యాప్ కూడా ఉంది, "గుండెల్లో 3,000 వోన్లు" అని దాని పేరు. జేబులో ఆ మాత్రం చిల్లర ఎప్పుడూ ఉండాలని.

హొత్తొక్ కూడా. బెల్లం రంగు పంచదార, దాల్చినచెక్క పిండి ముద్ద లోపల పెట్టి నూనెలో నొక్కి కాలుస్తారు. మొదటి కొరుకు నెమ్మదిగా, పాకం గడ్డం మీద పడితే కాలుతుంది.

#21 పచ్చిమిర్చి
హొత్తొక్‌కి నేనూ ఓటేస్తా. తీపి అని ముందే చెప్పి అమ్ముతున్నారు, నిజాయితీగా.

#22 కాకినాడ_కాజా
😂 అందరికీ థ్యాంక్స్. ఒక చిన్న డౌట్. రాత్రి పొద్దుపోయాక ఆకలేస్తే సాయంత్రమే రెండు రోల్స్ కింబాప్ తెచ్చి ఒకటి దాచుకోవచ్చా? హాస్టల్లో ఫ్రిజ్ ఉంది.

#23 శారద_శాకాహారి
ఫ్రిజ్‌లో పెడితే అన్నం రాయిలా అవుతుంది. బయట పెడితే వేసవిలో పాడవుతుంది, అక్కడి వాళ్ళే అదే రోజు తినేయాలంటారు. మిగిలితే వాళ్ళు గుడ్డు గిలక్కొట్టి అందులో ముంచి పెనం మీద కాలుస్తారు. గుడ్డు తినేవాళ్ళకి బావుంటుందట, కానీ మీకు స్టవ్ లేదు కదా.

#24 సువోన్_సుబ్బు
మైక్రోవేవ్‌లో పెట్టే ముందు మీద తడి టిష్యూ కప్పండి, 30 సెకన్లు చాలు, అన్నం మెత్తబడుతుంది. ముల్లంగి వేడెక్కితే బావుండదు, ముందే లాగి తినేయండి. అయినా దాచుకోవడం ఎందుకు, కొన్ని బున్‌షిక్‌జిప్‌లు 24 గంటలూ తెరిచే ఉంటాయి. మీ గేటు దగ్గర ఏది ఉందో వెళ్ళిన రోజే చూసి పెట్టుకోండి.